మంగోలియా నాదమ్ చూడాలనుకుంటున్నారా? ఇలా ప్లాన్ చేసుకోండి

ఏటా జూలై 11 నుంచి 13 దాకా మంగోలియాలో ఆఫీసులు, బ్యాంకులు, చాలా దుకాణాలు మూతపడతాయి. దేశమంతా నాదమ్‌లో మునిగిపోతుంది. కుస్తీ, గుర్రప్పందేలు, విలువిద్య, ఈ మూడు ఆటలే వాళ్లకు పండగ. ఆటలు శతాబ్దాల నాటివి. తేదీ మాత్రం 1921 జూలై నాటి ప్రజా విప్లవానికి గుర్తుగా స్థిరపడింది. 2010లో యునెస్కో నాదమ్‌ను తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది రాజధానిలో ప్రారంభోత్సవం చూసి, నాలుగు ఫొటోలు తీసుకుని, నాదమ్ అయిపోయిందనుకుంటారు. అసలు పండగ ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకే ముందే చెప్పేస్తున్నాను: స్టేడియానికి ఒక్క పూట ఇవ్వండి. మిగతా సమయమంతా గుర్రాలు వచ్చి చేరే మైదానానికీ, ఊరి నాదమ్‌కీ ఉంచుకోండి. కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

ముందు ఏ నాదమ్‌కు వెళ్లాలో తేల్చుకోండి

మంగోలియాలో 21 ఐమాగ్‌లు, 330 సోమ్‌లు ఉన్నాయి. ఐమాగ్ అంటే మన జిల్లా స్థాయి, సోమ్ అంటే మండల స్థాయి అనుకోవచ్చు. జాతీయ నాదమ్ రాజధాని ఉలాన్‌బాతర్‌లో జరుగుతుంది. ఐమాగ్‌లకూ సోమ్‌లకూ వేటి నాదమ్ వాటికి ఉంటుంది. వీటి తేదీలన్నీ ఒకటే కావు. కొన్ని జూలై 11కు ముందే అయిపోతాయి, కొన్ని ఆ తర్వాత జరుగుతాయి. ఏ సోమ్‌లో ఎప్పుడన్నది ఆ ఏడాది అక్కడివాళ్లు నిర్ణయించుకుంటారు. కాబట్టి మీరు మాట్లాడుకునే గైడ్‌నో టూర్ సంస్థనో మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: "మేం ఉండే రోజుల్లో దగ్గర్లో ఏ సోమ్ నాదమ్ ఉంది?" ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పి, అక్కడి మనిషికి ఫోన్ చేసి తేదీ కనుక్కునే గైడ్ దొరికితే సగం పని అయిపోయినట్టే.

రాజధాని నాదమ్‌లో హంగు ఎక్కువ. దేశంలోని గొప్ప మల్లులంతా అక్కడే తలపడతారు. కానీ మీరు గ్యాలరీలో ఎక్కడో దూరంగా కూర్చుంటారు. సోమ్ నాదమ్‌లో మల్లులు తక్కువ, గుర్రాలు తక్కువ, మైకు కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. అయితే మీరు గడ్డి మీద కూర్చుంటారు, మల్లుల ఊపిరి వినిపిస్తుంది, పక్కన కూర్చున్న పెద్దాయన మీ చేతిలో ఏదో ఒకటి తినడానికి పెడతాడు. రెండూ చూడండి. ఒక్కటే చూసే వీలుంటే మాత్రం నేను సోమ్ నాదమ్‌కే వెళ్లమంటాను.

జూలైలో కుదరకపోతే దిగులు పడక్కర్లేదు. ఆగస్టు మొదట్లో ఉలాన్‌బాతర్ శివార్లలో దన్‌షిగ్ నాదమ్ అని ఇంకొకటి జరుగుతుంది. బౌద్ధ సంప్రదాయంతో ముడిపడిన పండగ అది. ఆటలతో పాటు లామాలు ముఖానికి పెద్ద పెద్ద మాస్కులు పెట్టుకుని చేసే త్సామ్ నృత్యం కూడా ఉంటుంది. జాతీయ నాదమ్ కంటే రద్దీ తక్కువ.

వీసా, విమానం, బస

వీసా పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. మంగోలియా రాయబార కార్యాలయం న్యూఢిల్లీలో ఉంది. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, వాళ్లు ఆ ఏడాది చెప్పేదే నమ్మండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటున్న తెలుగువాళ్లయితే, మీరున్న దేశానికి సంబంధించిన మంగోలియా కాన్సులేట్‌ను అడగండి. ఏ దేశంలో ఉంటున్నా మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదో దాని నిబంధనే మీకు వర్తిస్తుంది.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్తే మధ్యలో విమానం మారాలి. సియోల్, హాంకాంగ్, బీజింగ్, ఇస్తాంబుల్ వంటి చోట్ల నుంచి ఉలాన్‌బాతర్‌కు విమానాలు ఉన్నాయి. మధ్యలో ఆగే దేశంలో ట్రాన్సిట్ వీసా కావాలేమో టికెట్ కొనకముందే చూసుకోండి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటిది ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. 2021లో మొదలైన కొత్త చెంఘిస్ ఖాన్ విమానాశ్రయం నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. హోటల్‌కు ముందే చెప్పి కారు పెట్టించుకోవడం మంచిది. గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోండి.

జూలై 8కో 9కో అక్కడికి చేరేలా చూసుకోండి. 11వ తేదీ పొద్దున దిగి నేరుగా స్టేడియానికి పోదామనే ప్లాన్ వద్దు. ఒక్క విమానం ఆలస్యమైతే అంతా పోతుంది. పైగా ముందు రెండు రోజులు నగరం చూడటానికి, సిమ్ కార్డు తీసుకోవడానికి, డబ్బు మార్చుకోవడానికి కావాలి. నాదమ్ మొదలయ్యాక ఈ పనులేవీ తేలిగ్గా కావు.

బస నెలల ముందే బుక్ చేయాలి. సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఆ రోజుల్లో ఉలాన్‌బాతర్ జనం సొంతూళ్లకు బయల్దేరతారు. అదే సమయంలో విదేశీయులు వచ్చి హోటళ్లన్నీ నింపేస్తారు. కార్లు, డ్రైవర్లు దొరకడం ఇంకా కష్టం. ఊళ్లోకి వెళ్లే రోజులకు కారు, డ్రైవర్, గైడ్ ముగ్గురినీ కలిపి ముందే మాట్లాడుకోండి. రేటులో పెట్రోలు, డ్రైవర్ బస, భోజనం కలిసి ఉన్నాయో లేదో రాతలో తీసుకోండి.

టికెట్ల సంగతి

ఇక్కడ చాలామంది కంగారు పడతారు. నిజానికి టికెట్ కావాల్సింది స్టేడియం లోపల జరిగేవాటికి మాత్రమే: ప్రారంభోత్సవం, కుస్తీ, ముగింపు. విలువిద్య మైదానంలోకీ, గుర్రప్పందేలు జరిగే గడ్డి మైదానంలోకీ టికెట్ లేకుండానే వెళ్లొచ్చు. సోమ్ నాదమ్‌కూ అంతే.

ప్రారంభోత్సవం టికెట్లకు గిరాకీ విపరీతం. స్టేడియంలో పట్టేది పన్నెండు వేల మంది చిల్లర. స్థానికులకు అమ్మేవి గంటల్లో అయిపోతాయి. అందుకే విదేశీయులు ఎక్కువగా టూర్ సంస్థల ద్వారానో హోటల్ ద్వారానో కొంటారు. ధర కాస్త ఎక్కువే పడుతుంది, ఫర్వాలేదు. స్టేడియం గేటు దగ్గర చేతిలో టికెట్లు ఊపుతూ తిరిగే మనుషుల దగ్గర మాత్రం కొనకండి. కొనేటప్పుడు రెండు విషయాలు అడగండి. సీటు నీడలో ఉందా? టికెట్ ప్రారంభోత్సవానికేనా, తర్వాత కుస్తీకి కూడా పనికొస్తుందా? మొదటి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. మూడు గంటలు ఎండలో కూర్చున్నాక దాని విలువ తెలుస్తుంది.

సంచిలో ఏం ఉండాలి

ఉలాన్‌బాతర్ సముద్ర మట్టానికి 1,300 మీటర్ల పైన ఉంది. జూలైలో పగలు ఎండ చురుక్కుమంటుంది, చీకటి పడగానే చలి మొదలవుతుంది. వానలు ఎక్కువగా పడే నెల కూడా ఇదే. అరగంటలో మబ్బు కమ్మి, కురిసి, మళ్లీ ఎండ కాస్తుంది. అందుకని టోపీ, సన్‌స్క్రీన్, పల్చటి రెయిన్‌కోటు, ఒక స్వెటర్ నాలుగూ రోజూ వెంట ఉండాలి. గొడుగు వద్దు, వెనక కూర్చున్నవాళ్లకు అడ్డం. కాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. గుర్రాల మైదానంలో దుమ్ము, పేడ, వాన పడితే బురద. దుమ్ముకు మాస్కో చేతి రుమాలో ఉంచుకోండి. బైనాక్యులర్స్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, గుర్రాల దగ్గర వాటి అవసరం ఎంతో ఉంటుంది. విరేచనాల మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మర్చిపోవద్దు. ఎందుకో తిండి దగ్గర చెప్తాను.

11వ తేదీ ఉదయం

పొద్దున్నే మొదట సుఖ్‌బాతర్ చౌక్‌కు వెళ్లండి. అక్కడున్న ప్రభుత్వ భవనం నుంచి తొమ్మిది తెల్ల ధ్వజాలను బయటికి తెస్తారు. గుర్రపు వెంట్రుకలతో చేసిన ఈ ధ్వజాలు మంగోల్ రాజ్యానికి చిహ్నాలు. సంప్రదాయ దుస్తుల్లో అశ్విక దళం వాటిని ఊరేగింపుగా స్టేడియానికి తీసుకెళ్తుంది. దీనికి టికెట్ లేదు. ధ్వజాలు చౌక్ దాటగానే మీరు కూడా స్టేడియం దారి పట్టండి. కారు ఎక్కితే ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు, స్టేడియం నగరం దక్షిణాన నడిచి వెళ్లగలిగే దూరంలోనే ఉంది. ఉత్సవం సాధారణంగా పదకొండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది. గంట ముందే సీట్లో ఉండాలి. ఆలస్యంగా వెళ్తే మీ నంబరు సీట్లో ఇంకెవరో కూర్చుని ఉంటారు, ఆ రద్దీలో వాళ్లను లేపడం ఎవరి వల్లా కాదు.

దేశాధ్యక్షుడి ప్రసంగం, మోరిన్ ఖూర్ వాదన, గుర్రపు స్వారీ విన్యాసాలు, వందలమంది నృత్యం ఉంటాయి. మోరిన్ ఖూర్ అంటే పైన గుర్రం తల చెక్కిన రెండు తీగల వాయిద్యం. ఇదంతా కళ్లకు పండగే, విడిగా వివరించాల్సిన పని లేదు. ఇది ముగియగానే విదేశీయుల్లో చాలామంది లేచి వెళ్లిపోతారు. మీరు లేవొద్దు.

కుస్తీని ఎలా చూడాలి

కుస్తీని మంగోలియన్లు బోఖ్ అంటారు. జాతీయ నాదమ్‌లో మామూలుగా 512 మంది మల్లులు దిగుతారు, ప్రత్యేక సంవత్సరాల్లో 1,024 మంది. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు తర్వాతి రౌండుకు. 512 మందిలో విజేత కావాలంటే తొమ్మిది మందిని వరసగా పడగొట్టాలి. బరువు తరగతులు లేవు. 80 కిలోల కుర్రాడికి ఎదురుగా 150 కిలోల మనిషి నిలబడొచ్చు. పాదాలు, అరచేతులు తప్ప మోకాలు, మోచేయి, వీపు ఏది నేలకు తగిలినా ఓడినట్టే.

మొదటి రెండు రౌండ్లలో ఒకేసారి ఎన్నో జతలు మైదానంలో ఉంటాయి. ఎక్కడ చూడాలో తెలియక కళ్లు అలసిపోతాయి. అందుకే ఒక్క జతను ఎంచుకోండి. దగ్గర్లో ఉన్నవాళ్లను, పొట్టివాడూ పొడుగువాడూ తలపడుతున్న జతను. ఇప్పుడు గమనించండి. ఇద్దరి ఒంటి మీదా జోదగ్ అనే పొట్టి చొక్కా ఉంటుంది, చేతులూ వీపూ మాత్రమే కప్పుతుంది, ఛాతీ తెరిచే ఉంటుంది. పూర్వం ఒక స్త్రీ మగవేషంలో వచ్చి అందరినీ ఓడించిందనీ, అప్పటి నుంచి ఛాతీ కనపడేలా కుట్టడం మొదలుపెట్టారనీ వాళ్లలో ఒక కథ ఉంది. కింద షూదగ్ అనే బిగుతు లాగు, కాళ్లకు తోలు బూట్లు. ఒక్కో మల్లుడి వెనక ఒక జసూల్ ఉంటాడు. మల్లుడి టోపీ పట్టుకుని నిలబడి, అవసరమైతే తొడ మీదో వీపు మీదో చరిచి హుషారు చేసేది అతనే.

మల్లులిద్దరూ నడుము వంచి, ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసి, తల తలకు ఆనించి నిలబడతారు. నిమిషాలు గడుస్తాయి. ఏమీ జరగడం లేదనిపిస్తుంది. చేతులను కాకుండా పాదాలను చూడండి. పొట్టివాడి కాలు కొంచెం కొంచెంగా అవతలివాడి మడమ వెనక్కి జరుగుతుంటుంది. పెద్దాయన అది పసిగట్టి బరువు వెనక్కి వేస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో పొట్టివాడు జోదగ్ అంచు పట్టి ముందుకు గుంజుతాడు, అవతలివాడి మోకాలు గడ్డిని తాకుతుంది. రెండు సెకన్లలో అయిపోతుంది. ఆ తర్వాత జరిగేది నాకు మరీ ఇష్టం. ఓడినవాడు జోదగ్ ముడి విప్పుకుని, గెలిచినవాడి చాచిన చేయి కింద నుంచి తల వంచి దాటి వెళ్తాడు. గెలిచినవాడు రెండు చేతులూ రెక్కల్లా చాచి, ధ్వజం చుట్టూ గరుడ పక్షిలా నెమ్మదిగా తిరుగుతాడు. ఓటమిని అందరి ముందూ ఇంత గౌరవంగా ఒప్పుకునే పద్ధతి చూస్తే మనసు నిండిపోతుంది.

మూడో రౌండు నుంచి బిరుదున్న మల్లులు తమ ప్రత్యర్థిని తామే ఎంచుకునే హక్కు పొందుతారు. మూడు, ఐదు, ఏడో రౌండ్లలో జసూల్ గొంతెత్తి తన మల్లుడి బిరుదులను పద్యంలా చదువుతాడు. భాష రాకపోయినా ఆ గొంతు వినండి. ఐదు గెలిస్తే డేగ, ఏడు గెలిస్తే ఏనుగు, ఎనిమిది గెలిస్తే గరుడ, విజేతకు సింహం అని బిరుదులిస్తారు. రెండోసారి విజేతైతే అవర్గ, అంటే మహామల్లుడు. బాద్మాన్యాంబూగిన్ బాత్ ఎర్దెన్ జాతీయ నాదమ్‌ను 11 సార్లు గెలిచాడు. జపాన్ సుమోలో చరిత్ర సృష్టించిన హకుహో తండ్రి మున్ఖ్‌బాత్ కూడా నాదమ్ అవర్గే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కుస్తీలో రజతం గెలిచినవాడు. ఫైనల్ సాధారణంగా రెండో రోజు సాయంత్రం ఉంటుంది. దానికి టికెట్ దొరక్కపోతే నగరంలో ఏదైనా కెఫేలో టీవీ ముందు కూర్చోండి. చుట్టూ ఉన్నవాళ్లను చూస్తే ఆట అర్థమైపోతుంది.

విలువిద్య, షగై

ఈ మైదానం స్టేడియం పక్కనే ఉంటుంది. కుస్తీ మధ్యలో కాస్త విరామం కావాలంటే ఇటు రండి. మగవాళ్లు 75 మీటర్ల దూరం నుంచి కొడతారు, ఆడవాళ్లు అంతకంటే కొంచెం దగ్గర నుంచి. గురి మన ఒలింపిక్స్‌లో చూసే రంగుల చక్రం కాదు. తోలుతో అల్లిన చిన్న చిన్న స్తూపాల్లాంటివి నేల మీద వరసగా పేరుస్తారు, వాటిని పడగొట్టాలి. బాణాల మొనలు మొద్దుగా ఉంటాయి. న్యాయనిర్ణేతలు గురికి పక్కనే నిలబడి, బాణం తగలగానే చేతులు పైకెత్తి "ఊఖై" అని రాగం తీస్తారు. చుట్టూ ఉన్నవాళ్లతో మీరూ గొంతు కలపండి, ఎవరూ ఏమీ అనుకోరు. తాడు కట్టిన గీత మాత్రం దాటకండి.

దగ్గర్లోనే షగై ఆట కూడా ఉంటుంది. గొర్రె చీలమండ ఎముకలను గురిగా పెట్టి, వేలితో చిన్న బిళ్లను విసిరి కొడతారు. ఆటగాళ్లు కొట్టే ముందు పాట లాంటి రాగం అందుకుంటారు. ఒక పావుగంట నిలబడి చూస్తే బాగుంటుంది.

గుర్రాల దగ్గరికి

ఈ ఒక్క రోజు కోసం నిద్ర మానుకున్నా తప్పులేదు. జాతీయ నాదమ్ పందేలు నగరానికి పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఖూయ్ దోలోన్ ఖుదగ్ అనే మైదానంలో జరుగుతాయి. వెళ్లేది ఒకటే దారి, నగరం మొత్తం అదే దారి పడుతుంది. తెల్లవారుజామునే బయల్దేరండి. ఆలస్యమైతే కారులోనే పందెం అయిపోతుంది. ఏ వయసు గుర్రాలు ఏ రోజు, ఎన్ని గంటలకు అన్న పట్టిక ఆ ఏడాది ముందుగా ప్రకటిస్తారు. హోటల్‌లో అడిగి తీసుకోండి.

పందేలు గుర్రాల వయసును బట్టి ఆరు రకాలు. రెండేళ్ల పిల్ల గుర్రాల నుంచి మొదలై మూడు, నాలుగు, ఐదేళ్లవి, ఆరేళ్లు పైబడినవి, విడిగా మగ గుర్రాలు. పిల్ల గుర్రాలు 10 నుంచి 12 కిలోమీటర్లు పరిగెత్తితే, పెద్దవి 20 కిలోమీటర్లు దాటి పరిగెత్తుతాయి. గుండ్రటి ట్రాక్ ఉండదు. గుర్రాలన్నీ ముందు మెల్లగా అంత దూరం నడిచివెళ్లి, అక్కడ నుంచి తిరిగి ఇటు పరిగెత్తుకొస్తాయి. కాబట్టి మీకు కనిపించేది పందెం చివరి భాగమే.

అందుకే ముందు గుర్రాలు బయల్దేరకముందు వాటి దగ్గరికి వెళ్లండి. నుదుటి జుట్టును పైకి చుట్టి తోలుపట్టీతోనో రిబ్బనుతోనో కట్టి ఉంటారు. తోకను కూడా మధ్యలో చుట్టి కడతారు. వాటి మీద కూర్చున్న పిల్లలు గుర్రాలకు ఉత్సాహం ఇవ్వడానికి "గీంగో" అని పాడుతూ తిరుగుతారు. సన్నటి గొంతులు, ఒకటి ఆపేలోపు ఇంకొకటి అందుకుంటుంది. ఫొటో తీయాలంటే చేయెత్తి సైగ చేసి అడగండి. గుర్రం వెనక నుంచి మాత్రం వెళ్లకండి, తంతుంది.

తర్వాత ముగింపు గీత వైపు నడవండి. సరిగ్గా గీత దగ్గర జనం గోడ కట్టినట్టు నిలబడతారు, మీకేమీ కనపడదు. గీతకు రెండు, మూడు వందల మీటర్ల ముందు తాడు పక్కన చోటు చూసుకోండి. అక్కడ వేచి ఉండాలి, చాలాసేపు. మీ వెంట ఉన్న పిల్లలకు దాహమేస్తుంది, నీళ్లు దగ్గర పెట్టుకోండి. ఒక్కసారిగా జనం లేచి నిలబడితే, బైనాక్యులర్స్ తీయండి. కొండ పక్క నుంచి దుమ్ము ముందు కనిపిస్తుంది, దాని ముందు ఒక చుక్క. చుక్క గుర్రమవుతుంది, దాని వీపు మీద నంబరు బిళ్ల కట్టుకున్న చిన్న పిల్లాడు. గుర్రం నోటి చుట్టూ నురగ, మెడంతా చెమటకు తడిసి నల్లగా మెరుస్తుంది. అది మీ ముందు నుంచి దూసుకుపోతే నేల అదురుతుంది. పందెం ముగిశాక జనం గుర్రం దగ్గరికి పరిగెత్తి దాని చెమట తాకి నుదుటికి రాసుకుంటారు, అది అదృష్టమని నమ్మకం. వాళ్లతో పాటు మీరు పరిగెత్తకండి. ఇంకా గుర్రాలు వస్తూనే ఉంటాయి, ఏటా దెబ్బలు తగిలేది ఇక్కడే. అన్నీ వచ్చేదాకా తాడు ఇవతలే ఉండండి.

మొదటి ఐదు గుర్రాలను "ఐరగ్ ఐదు" అంటారు. వాటిని వరసగా నిలబెట్టి, ఒక్కోదాన్నీ పొగుడుతూ పద్యం చదివి, వాటి మీద ఐరగ్, అంటే పులిసిన గుర్రపు పాలు చిలకరిస్తారు. రెండేళ్ల పిల్ల గుర్రాల్లో చిట్టచివర వచ్చినదానికీ ఒక పాట ఉంది. వచ్చే ఏడాది నువ్వే మొదట రావాలని దీవిస్తారు. చివరి దాకా ఆగి ఆ పాట వినకుండా రావొద్దు.

గుర్రం వాళ్లకు ఎంత పెద్ద గౌరవమో మనకూ ఒకసారి కనిపించింది. 2015 మేలో మన ప్రధాని నరేంద్ర మోదీ మంగోలియా వెళ్లినప్పుడు ఆయన కోసం చిన్న నాదమ్ ఏర్పాటు చేసి, కంఠక అనే గుర్రాన్ని బహూకరించారు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. గుర్రాలు నడిపేది పిల్లలు. చట్టం ఏడేళ్లు నిండాలంటుంది, హెల్మెట్ ఉండాలంటుంది. అయినా పడిపోవడాలు, గాయాలు జరుగుతున్నాయి. బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్లు మంగోలియాలోనే దీని గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. పశువుల కాపరుల కుటుంబాల్లో పిల్లలు నడక నేర్చిన కొన్నాళ్లకే గుర్రమెక్కుతారు, ఆ ఒడుపు నిజమే. ప్రమాదమూ నిజమే. హెల్మెట్ లేని పిల్లాడి మీద డబ్బు పందెం కాయమని ఎవరైనా అడిగితే కాయకండి. మీ పిల్లల్ని సరదాకి పందెం గుర్రం ఎక్కించమని అడగకండి.

సోమ్ నాదమ్‌లో, గెర్ లోపల

ఊరి నాదమ్‌కు చేరగానే పెద్దవాళ్లకు తల వంచి "సైన్ బైన ఊ" అని పలకరించండి. "సైఖన్ నాదారై" అంటే నాదమ్ బాగా చేసుకోండి అని శుభాకాంక్ష. ఆ ఒక్క మాటకే ముఖాలు విప్పారుతాయి. ఎక్కువ శాతం గెర్‌లోకి, అంటే వాళ్ల గుడారం ఇంట్లోకి పిలుస్తారు.

లోపలికి వెళ్లేటప్పుడు గుమ్మం తొక్కకండి, దాటి అడుగుపెట్టండి. ఈ ఒక్కటి మనకు చెప్పక్కర్లేదు. లోపలికి రాగానే ఎడమ వైపుకు తిరిగి వెళ్లాలి. గెర్‌ను నిలబెట్టే మధ్య స్తంభాలకు ఆనుకోవద్దు, రెండు స్తంభాల మధ్య నుంచి దాటొద్దు. పొయ్యి వైపు కాళ్లు చాపకండి, అందులో చెత్త వేయకండి. ఏది ఇచ్చినా కుడి చేత్తోనో రెండు చేతులతోనో తీసుకోండి. చొక్కా చేతులు మడిచి ఉంటే కిందికి దించుకోండి. పొరపాటున ఎవరి కాలైనా తొక్కితే వెంటనే చేయి కలపండి, లేకపోతే తగువు కోరుకున్నట్టు. పెద్దాయన నస్యం సీసా చేతికిస్తే మూత తీసి వాసన చూసి తిరిగివ్వండి, పీల్చాల్సిన పని లేదు. వెళ్లేటప్పుడు చేతిలో ఏదైనా ఉండాలి. ఇంటి నుంచి తెచ్చిన మిఠాయి డబ్బా బాగా పనికొస్తుంది.

తిండి

నాదమ్ తిండి అంటే ఖూషూర్. పల్చగా ఒత్తిన పిండిలో మాంసం కూరి, అర్ధచంద్రంలా మడిచి నూనెలో వేయిస్తారు. గొర్రె మాంసమో గొడ్డు మాంసమో ఉంటుంది. గొడ్డు మాంసం తిననివాళ్లు కొనేముందే అడగాలి. చుట్టూ జనం ఎక్కువున్న బండి దగ్గర, అప్పుడే నూనెలోంచి తీసినవి తినండి. కొరికితే లోపలి రసం కారి చేయి కాలుతుంది, అంచు కొంచెం తుంచి తాగేసి తర్వాత కొరకండి.

ఐరగ్ పుల్లగా, కొద్దిగా మత్తుగా ఉంటుంది. గిన్నె నిండా ఇస్తారు. అలవాటు లేని కడుపుకు అది పడకపోవచ్చు, విరేచనాల మందు పెట్టుకోమన్నది దీనికే. తాగలేకపోతే రెండు చేతులతో తీసుకుని, పెదవికి తాకించి, మర్యాదగా తిరిగివ్వండి, ఎవరూ తప్పుపట్టరు. సూతే త్సాయ్ అంటే ఉప్పు వేసిన పాల టీ. చక్కెర టీ అనుకుని తాగితే మొదట ముఖం వికారంగా పెడతాం, చలి రాత్రి రెండో గిన్నె అడిగి తాగుతాం. ఆరూల్ అనే ఎండబెట్టిన పెరుగు గడ్డలు చాలా గట్టివి, నమలకుండా చప్పరించండి.

శాకాహారులు మాత్రం ముందే సిద్ధపడాలి. ఉలాన్‌బాతర్‌లో శాకాహార హోటళ్లు, ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి. ఊళ్లో అలాంటివేమీ ఉండవు, సూప్‌లో కూడా మాంసం వేస్తారు. నగరంలోనే సూపర్ మార్కెట్‌లో బ్రెడ్డు, పండ్లు, గుడ్లు, నూడుల్స్ కొని కారులో వేసుకోండి. నాదమ్ మొదలయ్యాక దుకాణాలు మూసేస్తారు కాబట్టి 10వ తేదీలోపు కొనాలి. గైడ్‌కు చెప్తే క్యాంపులో అన్నం, కూరగాయలు వండిస్తాడు. వేడి అన్నంలో ఇంటి నుంచి తెచ్చుకున్న కందిపొడి కలుపుకుంటే రోజు గడిచిపోతుంది.

డబ్బు, జాగ్రత్తలు, తిరుగు ప్రయాణం

అక్కడి డబ్బు తుగ్రిక్. నగరంలో కార్డులు పనిచేస్తాయి, మైదానాల్లో నోట్లే. స్టేడియం చుట్టూ, గుర్రాల దగ్గర, ముఖ్యంగా నారన్‌తూల్ బజారులో జేబుదొంగలు ఉంటారు. సంచి వీపున కాకుండా ముందు వేసుకోండి, పాస్‌పోర్ట్ హోటల్‌లో ఉంచి జిరాక్స్ వెంట పెట్టుకోండి. సాయంత్రాలు తాగినవాళ్లు తూలుతూ ఎదురవుతారు, కుస్తీ పడదాం రమ్మంటారు. నవ్వి పక్కకు తప్పుకోండి. పోలీసుకు 102, అంబులెన్స్‌కు 103. ఊళ్లలో ఆసుపత్రి చాలా దూరం కాబట్టి ప్రయాణ బీమా తప్పకుండా ఉండాలి.

తిరుగు విమానం 14న పెట్టుకోకండి. సెలవుల నుంచి నగరానికి వచ్చే కార్లతో దారులన్నీ నిండిపోతాయి, ఊరి నుంచి మీరు సమయానికి చేరడం కష్టం. 16 తర్వాత పెట్టుకుంటే నగరంలో ఒక రోజు మిగులుతుంది. ఆ రోజు గండన్ మఠానికి వెళ్లండి. 26 మీటర్ల అవలోకితేశ్వరుడి నిలువెత్తు విగ్రహం అక్కడుంది. మంగోలియా బౌద్ధం ఆదరించే కాలచక్ర బోధను బుద్ధుడు ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో చెప్పాడని ఆ సంప్రదాయం నమ్ముతుంది. మీది ఏ ఊరని లామా అడిగితే అమరావతి పేరు చెప్పి చూడండి. ఉదయం పూట వెళ్తేనే పూజలు చూడగలుగుతారు, మధ్యాహ్నానికి అవి ముగుస్తాయి.